మాజీ సైనికులకు డిప్రెషన్ స్క్రీనింగ్: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్, యాప్రాల్, సైనిక్‌పురి, ఇటు మెహదీపట్నం దాకా సర్వీసు ముగించుకుని వచ్చి స్థిరపడిన ఫౌజీ కుటుంబాలు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. కౌన్సెలింగ్‌కి వచ్చినప్పుడు వాళ్లు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాం. వాళ్లలో ఎక్కువమంది మొదట డిప్రెషన్ మాట ఎత్తరు. మోకాళ్ల నొప్పులనో, షుగర్ అదుపులోకి రావట్లేదనో, నిద్ర పట్టట్లేదనో మొదలుపెడతారు. అందుకే జవాబుల్లోనూ ఒంటి జబ్బులూ మనసు జబ్బూ కలిసే వస్తాయి. విడివిడిగా చూడబట్టే చాలామందికి రెండూ తగ్గట్లేదని నా అభిప్రాయం.

స్క్రీనింగ్ అంటే ఏం చేస్తారు? రక్తం తీస్తారా, స్కానింగా?

రెండూ కాదు. ఒక కాగితం, తొమ్మిది ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి. 2001లో వచ్చింది, తెలుగులోనూ ఉంది. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, దిగులుగా ఉందా, నిద్ర ఎలా ఉంది, నీరసంగా ఉంటోందా, ఆకలి ఎలా ఉంది, నేను దేనికీ పనికిరాను అనిపిస్తోందా, పేపర్ చదువుతున్నా మనసు నిలవట్లేదా, మాటా నడకా మందగించాయా లేక కాలు ఒకచోట నిలవట్లేదా, చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా... ఇవీ ప్రశ్నలు. ఒక్కోదానికి "అస్సలు లేదు" అంటే 0, "కొన్ని రోజులు" అంటే 1, "సగం రోజుల కంటే ఎక్కువ" అంటే 2, "దాదాపు రోజూ" అంటే 3. అన్నీ కలిపితే గరిష్ఠం 27.

5 నుంచి 9 వరకు తేలికపాటి, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 కాస్త తీవ్రం, 20 ఆపైన తీవ్రం. టైం లేనిచోట మొదటి రెండు ప్రశ్నలే అడుగుతారు. ఆ రెండింటికీ కలిపి 3 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే మిగతావీ అడగాలి.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఏడాదికోసారి ఈ పరీక్ష చేయడం మామూలు. ఇక్కడ ఎవరో పిలిచి అడుగుతారని ఎదురుచూడకండి. బీపీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు మీరే నోరు తెరిచి అడగండి.

స్కోరు 10 దాటితే డిప్రెషన్ ఉన్నట్టేనా?

ఉండే అవకాశం గట్టిగా ఉంది, అంతే. ఎవరిని కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలో స్క్రీనింగ్ చెబుతుంది. జబ్బని తేల్చాల్సింది డాక్టర్. ఆ మాటల్లో ఒక ప్రశ్న తప్పకుండా రావాలి: జీవితంలో ఎప్పుడైనా దీనికి పూర్తి వ్యతిరేకంగా, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, గలగలా మాట్లాడుతూ, డబ్బు మంచినీళ్లలా ఖర్చు పెట్టిన కాలం ఉందా? ఉంటే అది బైపోలార్ కావచ్చు. దానికి మామూలు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే వ్యవహారం అడ్డం తిరగొచ్చు. డాక్టర్ అడగకపోతే ఇంట్లోవాళ్లే చెప్పాలి.

తొమ్మిదో ప్రశ్న సంగతి వేరు. మొత్తం స్కోరు 4 వచ్చినా సరే, చావు గురించిన ఆ ప్రశ్నకి సున్నా కాకుండా వేరే ఏది పెట్టినా అదే రోజు మాట్లాడాలి. "స్కోరు తక్కువే కదా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకునే పని కాదు.

మా ఆయన అన్నిటికీ సున్నా పెట్టారు. ఇంట్లో చూస్తే మనిషి అలా లేరు. ఎందుకిలా?

ఫౌజీల విషయంలో ఇదే అసలు చిక్కు. సైన్యంలో ఆరోగ్యాన్ని "షేప్" అనే ఐదక్షరాల లెక్కలో చూస్తారు. మొదటి అక్షరం ఎస్, మానసిక స్థితికి. తర్వాతవి వరుసగా వినికిడి, కాళ్లూ చేతులు, శరీర దారుఢ్యం, కంటిచూపు. ఎక్కడ తేడా వచ్చినా మెడికల్ కేటగిరీ దిగుతుంది. ప్రమోషన్ మీదా పోస్టింగ్ మీదా దాని ప్రభావం పడుతుంది. కాలు విరిగి కేటగిరీ దిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఎస్ దగ్గర దిగితే మాత్రం యూనిట్ అంతా గుసగుసలాడుకుంటుందన్న భయం. పదిహేను ఇరవై ఏళ్లు ఆ భయంతో బతికిన మనిషికి, డాక్టర్ ముందు కూర్చోగానే "బాగానే ఉన్నాను" అన్న మాట దానంతటదే వచ్చేస్తుంది.

ఫారం చేతికిస్తే తొమ్మిది సున్నాలనూ పరేడ్‌లో నిలబెట్టినట్టు ఒకే వరుసలో దించేస్తారు. "సబ్ ఠీక్ హై మేడమ్" అంటారు. అదే మనిషిని "రాత్రి ఎన్నింటికి మెలకువ వచ్చింది సార్?" అని అడిగి చూడండి.

"రెండింటికి."

"లేచి ఏం చేశారు?"

"గేటు తాళం చూసొచ్చా."

"తర్వాత?"

"మళ్లీ చూసొచ్చా. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నా, పాల ప్యాకెట్లు వచ్చేదాకా."

నిద్ర ప్రశ్నకి ఆయన పెట్టింది సున్నా. పక్కన కూర్చున్న భార్య అప్పుడు అందుకుంటారు: "బతుకమ్మకి చెల్లెలు పిలిస్తే ఫోన్ కూడా ఎత్తలేదండీ. తలుపు కాస్త గట్టిగా పడితే పిల్లాడి మీద అరుస్తారు."

కాబట్టి ఫారం ఇచ్చేసి ఊరుకోవడం సరిపోదు. పక్కన ఎవరూ లేకుండా ఒకసారి, ఇంట్లోవాళ్లతో కలిపి ఒకసారి మాట్లాడాలి. మగవాళ్లలో దిగులు చాలాసార్లు దిగులులా బయటపడదు. చిరాకుగానో, కోపంగానో, మాటలు తగ్గించేయడంగానో, పెగ్గులు పెరగడంగానో బయటపడుతుంది. "బాధగా ఉందా?" అంటే లేదనే అంటారు. "పొద్దున్నే వాకింగ్‌కి ఇంకా వెళ్తున్నారా? ఎప్పటినుంచి మానేశారు?" అంటే తారీఖుతో సహా చెబుతారు.

ఇంకొక మాట వాళ్లకి గట్టిగా చెప్పాలి. రిటైర్ అయ్యాక కేటగిరీ దించే బోర్డు ఏదీ లేదు. దాచడానికి అప్పట్లో ఉన్న కారణం ఇప్పుడు లేదు, అలవాటు మాత్రమే మిగిలింది.

షుగర్, బీపీ ఉన్నవాళ్లకి నీరసం, నిద్ర లేకపోవడం ఎలాగూ ఉంటాయి. అప్పుడు స్కోరుని నమ్మేదెలా?

మంచి ప్రశ్న. తొమ్మిదింట్లో నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత, కదలిక అనే ఐదు ఒంటికి సంబంధించినవి కూడా. షుగర్ అదుపులో లేక రాత్రి నాలుగుసార్లు బాత్రూంకి లేచే మనిషిని తీసుకోండి. నిద్రకి 3, నీరసానికి 3, ఆకలి తేడాకి 2, పగలు మనసు నిలవనందుకు 2 పడతాయి. దిగులన్నదే లేకుండా 10 అయిపోయింది!

అందుకే మొదటి రెండు ప్రశ్నలు విడిగా చూడాలి. ఆసక్తి పోవడం, దిగులు. ఈ రెండింట్లో కనీసం ఒకటి లేకుండా డిప్రెషన్ అని తేల్చరు. మనవరాలు వీడియో కాల్ చేస్తే ముఖం విచ్చుకుంటోందా? పాత యూనిట్ స్నేహితుడు వస్తే గంటసేపు కబుర్లు చెబుతున్నారా? ఒంట్లో శక్తి లేక పని మానేసినవాడికి చేయాలని ఉంటుంది, చేయలేడు. డిప్రెషన్ ఉన్నవాడికి చేయాలనే అనిపించదు. ఇంట్లోవాళ్లు పట్టుకోగలిగిన తేడా ఇది. అరవై దాటినవాళ్లకి జీడీఎస్-15 అని ఇంకో ప్రశ్నావళి ఉంది. పదిహేను ప్రశ్నలు, అవును కాదు జవాబులు. అది ఒంటి లక్షణాల జోలికి పెద్దగా పోదు కాబట్టి రోగాలు ఎక్కువున్న పెద్దవాళ్లకి బాగా పనికొస్తుంది.

కానీ నేను చూసినంతలో దీనికి ఎదురు పొరపాటే ఎక్కువ. ఏం చెప్పినా "షుగర్ వల్లేలే", "వయసు వల్లేలే" అని కొట్టిపారేయడం. పొరపాటున డిప్రెషన్ అనుకుంటే రెండో మాటలో సర్దుకోవచ్చు. ఉన్నదాన్ని లేదనుకుంటే సంవత్సరాలు పోతాయి. దేశవ్యాప్తంగా 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందట్లేదని తేలింది.

ముందుగా ఏ పరీక్షలు చేయించాలి?

డిప్రెషన్‌లా కనిపించే, లేదా దాన్ని పెంచే ఒంటి కారణాలు కొన్ని ఉన్నాయి. థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, రక్తహీనత, బీ12 లోపం ముఖ్యమైనవి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకి బీ12 తగ్గే అవకాశం ఉంది, దాన్ని చాలామంది చూపించుకోరు. కాబట్టి రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, బీ12, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల కోసం క్రియాటినిన్, సోడియం, మందు అలవాటు ఉంటే లివర్ పరీక్ష. వేసుకుంటున్న మాత్రలన్నీ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. స్టెరాయిడ్ల లాంటివి మనసు మీద పనిచేస్తాయి.

షుగర్‌కీ గుండెకీ డిప్రెషన్‌తో ఏం సంబంధం?

రెండు వైపులా సంబంధమే. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్ల కంటే సుమారు రెండింతలు ఎక్కువ. గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి తీవ్రమైన డిప్రెషన్ వస్తుంది. గుండెపోటు తర్వాత కోలుకోవడాన్ని డిప్రెషన్ దెబ్బతీస్తుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో చెప్పింది.

ఇది ఇంట్లో ఎలా నడుస్తుందో చూస్తే అర్థమవుతుంది. మనసు బాగోనివాడు వాకింగ్ మానేస్తాడు. మాత్ర ఒకరోజు వేసుకుంటాడు, రెండురోజులు మరిచిపోతాడు. అన్నం మానేసి మిక్చర్ తింటాడు. షుగర్ 300 దాటుతుంది. డాక్టర్ మందు పెంచుతాడు. పెంచిన మందు కూడా డబ్బాలోనే ఉంటుంది. షుగర్ ఎందుకు దిగట్లేదో అర్థంకాక అందరూ తలపట్టుకుంటారు. స్టెంట్ వేయించుకుని వచ్చిన మనిషి రెండు నెలలైనా గదిలోంచి బయటకు రాకపోతే "రెస్టు తీసుకుంటున్నాడు" అనుకోకండి, తొమ్మిది ప్రశ్నలూ అడిగించండి.

మోకాళ్లు, నడుము నొప్పి తగ్గితే మనసు అదే కుదుటపడదా?

కొంత కుదుటపడుతుంది. బరువులు మోసి, కొండలెక్కి, ట్రక్కుల్లో వేల కిలోమీటర్లు తిరిగిన నడుములు అవి. నొప్పి నిద్ర చెడగొడుతుంది, నిద్ర లేకపోతే నొప్పి పెరుగుతుంది, ఈ రెండూ మనసుని తింటాయి. నొప్పికీ డిప్రెషన్‌కీ కలిపి పనిచేసే డులోక్సెటిన్ లాంటి మందులున్నాయి, డాక్టర్‌ని అడగొచ్చు. కానీ మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కునే నొప్పి మాత్రలతో జాగ్రత్త. డైక్లోఫెనాక్ లాంటివీ, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర వాటితో కలిస్తే వేరే రకం ప్రమాదం: వణుకు, జ్వరం, అయోమయం, ఫిట్స్ రావొచ్చు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా రెండో డాక్టర్ రాసిన చీటీ చూపించాలి.

గోల్కొండ ఆర్టిలరీలో చేశారు. చెవులు సరిగ్గా వినపడవు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. తుపాకుల మోతలో పనిచేసినవాళ్లకి వినికిడి తగ్గడం, చెవిలో హోరు సాధారణం. వినపడని మనిషి పెళ్లిళ్లకి వెళ్లడు, నలుగురిలో కూర్చోడు, అర్థం కానిచోట నవ్వి ఊరుకుంటాడు, కొన్నాళ్లకి అదీ మానేస్తాడు. దాన్ని "మౌనంగా అయిపోయాడు" అంటారు ఇంట్లో. చెవి పరీక్ష చేయించి మిషన్ పెట్టించండి. స్క్రీనింగ్ ప్రశ్నలు కూడా వినపడేలా, ఎదురుగా కూర్చుని అడగాలి. వినపడక తలూపిన జవాబుకి విలువ ఏముంది?

నిద్ర మాత్ర వేసుకుంటే సరిపోదా?

గురక ఉందా? గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నారా? పొద్దున లేవగానే తలనొప్పి, పగలు కుర్చీలోనే కునుకు? ఇవి ఉంటే స్లీప్ ఆప్నియా అనుమానించాలి, రాత్రంతా చేసే స్లీప్ స్టడీ చేయించాలి. అది ఉన్నవాళ్లలో నీరసం, చిరాకు, ఏకాగ్రత లేకపోవడం అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి, బీపీ కూడా దిగదు. ఇలాంటివాళ్లకి అల్ప్రాజొలామ్ లాంటి మాత్ర ఇస్తే నిద్ర పట్టినట్టే ఉంటుంది గానీ ఊపిరి ఆగడం ఎక్కువవుతుంది. ఆ మాత్ర అలవాటయ్యే రకం కూడా. పక్కింటాయన చెప్పాడని వేసుకునేది కాదు.

రోజూ క్యాంటీన్ రమ్ తాగుతారు. ఇది మందు వల్ల వచ్చిన దిగులా, దిగులు వల్ల తాగుతున్నారా?

చాలా ఇళ్లలో దీనిమీదే గొడవ. నిజానికి మొదటి రోజే తేలే విషయం కాదిది. మందు పూర్తిగా మానేసిన మూడు నాలుగు వారాలకి చాలామందిలో దిగులు బాగా తగ్గుతుంది. తగ్గకపోతే డిప్రెషన్ విడిగా ఉందని అర్థం. అంతవరకు రెండింటికీ కలిపి వైద్యం చేయాలి తప్ప "ముందు తాగుడు మానుకుని రా, తర్వాత చూద్దాం" అంటే మనిషి మళ్లీ రాడు.

ఎంత తాగుతున్నారో చూడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నలున్నాయి. 40కి 8 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆగి ఆలోచించాలి.

రెండు హెచ్చరికలు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి అయ్యప్ప మాల వేసుకున్నాననో, భార్య మీద ఒట్టేశాననో ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, లేనివి కనపడటం మొదలవ్వచ్చు. ప్రాణం మీదకి వచ్చే పరిస్థితి అది. మానడం మంచిదే, డాక్టర్ చూస్తుండగా మానాలి. రెండోది, మందు మాన్పించే పొడి అంటూ తెలియకుండా కూరలో కలిపి పెట్టడం. వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, దాని మీద తాగినవాడికి బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం. ఎంత విసిగిపోయినా సరే, ఆ పని చేయకండి.

కార్గిల్‌లో, కశ్మీర్‌లో చేసి వచ్చారు. ఇది పీటీఎస్‌డీ ఏమో?

పీటీఎస్‌డీ అంటే భయంకరమైన సంఘటన తర్వాత మనసులో మిగిలిపోయే గాయం. కావచ్చు, డిప్రెషన్‌తో కలిసి రెండూ కావచ్చు. పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి డిప్రెషన్ కూడా ఉంటుంది. జరిగింది కలలో మళ్లీ మళ్లీ రావడం, దాన్ని గుర్తుచేసే చోట్లనీ మాటల్నీ తప్పించుకోవడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం, మనసు మొద్దుబారడం దీని గుర్తులు. దీపావళి రాత్రి తలుపులన్నీ మూసుకుని లోపలి గదిలో కూర్చునే ఆయన్ని "పిరికితనం" అని ఆటపట్టించే ఇళ్లున్నాయి. అలా అనకండి. దీనికి ఐదు ప్రశ్నల స్క్రీనింగ్ విడిగా ఉంది, డిప్రెషన్ ఫారం ఒక్కటే ఇస్తే ఇది బయటపడదు. యుద్ధం చూడనివాళ్లకీ రావొచ్చు: కాన్వాయ్ ప్రమాదం, హిమపాతంలో చిక్కుకోవడం, తోటివాడి మృతదేహం మోయడం చాలు. తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పిన సందర్భం ఎప్పుడైనా ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పాలి.

నాన్నగారికి 72. మరిచిపోతున్నారు. మతిమరుపు జబ్బా, డిప్రెషనా?

డిప్రెషన్‌లో మరుపు కొన్ని వారాల్లో, నెలల్లో వస్తుంది. "నాకేం గుర్తుండట్లేదు" అని ఆయనే చెప్పుకుంటారు. డిమెన్షియాలో మెల్లగా ఏళ్లు పడుతుంది, తనకేం కాలేదంటారు, ఇంట్లోవాళ్లే గమనిస్తారు. ఇది మోటు లెక్క, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. డాక్టర్ చూడాల్సిందే.

తమ్ముడు 38 ఏళ్లకే రిటైర్ అయ్యాడు. పెన్షన్ వస్తోంది, ఆరోగ్యం బాగుంది. వాడికేం దిగులు?

జవాన్లు చాలామంది నలభై దాటకముందే బయటికి వస్తారు. నిన్నటిదాకా "హవల్దార్ సాబ్". ఇవాళ గచ్చిబౌలిలో ఐటీ ఆఫీసు గేటు దగ్గర పన్నెండు గంటల నైట్ డ్యూటీ, పాతికేళ్ల కుర్రాడు కారు అద్దం దించకుండానే హారన్ కొడతాడు. పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే పిల్లల అల్లరి, పక్కన అపార్ట్‌మెంట్ కట్టే చప్పుడు. పిల్లలు ఇన్నాళ్లూ నాన్న లేకుండా పెరిగారు, ఏది అడగాలన్నా అమ్మనే అడుగుతారు. లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేయాలో చెప్పే వ్యవస్థ ఒక్కరోజులో మాయమైంది.

ఆరోగ్యం బాగుందనే వీళ్లని ఎవరూ పరీక్ష చేయరు. నన్నడిగితే, రిటైర్ అయిన మొదటి రెండేళ్లలో స్క్రీనింగ్ అందరికంటే వీళ్లకే ముందు కావాలి. వీలైతే నైట్ డ్యూటీ మార్పించండి. వాడి జీతం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

మాత్రలు మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలా?

అక్కర్లేదు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి అల్ప్రాజొలామ్‌లా అలవాటయ్యే మందులు కావు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు వారాల దాకా పడుతుంది. బాగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తారు. పది రోజులు వేసుకుని "ఏం లాభం లేదు" అని ఆపేసేవాళ్లే ఎక్కువ.

పెద్దవాళ్లకి, ముఖ్యంగా బీపీకి నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్లకి సోడియం పడిపోయి తికమక, తూలిపడటం రావొచ్చు. మొదలుపెట్టిన కొద్ది వారాలకి ఒకసారి సోడియం చూపించాలి. నడివయసు మగవాళ్లు చెప్పుకోనిది ఇంకోటి ఉంది: ఈ మందులతో పడకగదిలో ఇబ్బంది రావొచ్చు. సిగ్గుపడి డాక్టర్‌కి చెప్పరు, మాత్ర మాత్రం ఆపేస్తారు. చెబితే మోతాదో మందో మారుస్తారు. తేలికపాటి డిప్రెషన్‌కి కౌన్సెలింగ్, రోజూ నడక, నిద్ర సరిచేసుకోవడంతోనే సరిపోవచ్చు.

పెన్షన్ ఆగుతుందా? ఉద్యోగం, గన్ లైసెన్స్ సంగతేంటి?

సర్వీసు పెన్షన్ ఆగదు, తగ్గదు. మీరు సంపాదించుకున్నది అది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి. ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ ఆరోగ్య బీమా ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది. మాజీ సైనికుల్ని కాపలా డ్యూటీకి తీసుకునే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ చేరాలనుకుంటే మాత్రం వైద్య పరీక్ష ఉంటుంది, అక్కడ దాపరికం పనికిరాదు.

బ్యాంకు గన్‌మన్‌గా చేస్తూ ఇంట్లో తుపాకి ఉన్నవాళ్ల విషయంలో నేను లైసెన్స్ గురించి కాదు, తుపాకి గురించే మాట్లాడతాను. మనసు బాగోలేని కొన్ని నెలలు అది ఇంట్లో ఉండకూడదు. ఎక్కడ అప్పగించాలో స్టేషన్‌లో అడిగి చట్టప్రకారం అప్పగించండి. 

హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి?

పెన్షనర్ అయితే ముందు మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ కింద మీ పాలీక్లినిక్‌కి. ఈ పథకం 2003 ఏప్రిల్ నుంచి ఉంది, భార్యకీ ఆధారపడినవాళ్లకీ వర్తిస్తుంది. అక్కడి మెడికల్ ఆఫీసర్‌తో "నిద్ర లేదు" అని ఆగిపోకుండా "సైకియాట్రీకి రెఫరల్ కావాలి" అని స్పష్టంగా అనండి. అక్కడినుంచి తిరుమలగిరి మిలిటరీ ఆసుపత్రికో, ఈ పథకంతో ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికో రాస్తారు.

పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్లు, నాలుగేళ్లకి వచ్చే అగ్నివీర్లు ఈసీహెచ్‌ఎస్ కిందికి రాకపోతే గాంధీ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ ఉంది, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. సెక్యూరిటీ ఉద్యోగంలో ఈఎస్‌ఐ కార్డు ఉంటే సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి. ఎర్రగడ్డ పేరు ఈ ఊళ్లో తిట్టుగా మారిపోయింది కాబట్టి ఎవరూ అటు వెళ్లడానికి ఇష్టపడరు. ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని అదే రోజు ఇంటికి వచ్చేవాళ్లు అక్కడ ఎంతమందో ఒకసారి వెళ్తే తెలుస్తుంది.

ఎక్కడికీ వెళ్లలేకపోతే ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. సైనిక కుటుంబాల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబర్‌లో దీనికి ప్రత్యేక విభాగం కూడా పెట్టారు.

"నేను లేకపోతే మీరే బాగుంటారు" అంటున్నారు. ఏం చేయాలి?

ఊరికే అన్నారని వదిలేయకండి. సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలాగో ఆలోచించారా?" అడిగితే ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు, చాలామందికి బరువు దిగినట్టుంటుంది. ఒంటరిగా వదలొద్దు. తుపాకి, పురుగుల మందు, నిల్వ ఉన్న మాత్రలు ఇంట్లోంచి తీసేయండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అత్యవసరమైతే 108 గానీ 112 గానీ. ఎమర్జెన్సీలో రెఫరల్ కోసం ఆగనక్కర్లేదు, దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్చి వెంటనే పాలీక్లినిక్‌కి తెలియజేయండి. పోలీసు కేసు భయంతో దాచేవాళ్లున్నారు. 2017 చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించడం కాదు, వైద్యం అందించాలి.

నేను ఆయన భార్యని. నాకూ ఈ పరీక్ష అవసరమా?

అవసరమే. ఇరవై ఏళ్లు ఒంటిచేత్తో ఇల్లు నడిపి, ఇప్పుడు ఆయన నిద్రలేమికి కాపలా కాస్తున్నది మీరే కదమ్మా. అదే ఫారం, అవే తొమ్మిది ప్రశ్నలు. మీ పేరు మీదా ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంది.

మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయాలి?

వైద్యం మొదలైతే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. స్కోరు సగానికి పడితే మందు పనిచేస్తున్నట్టు. 5 కంటే కిందికి వచ్చి అక్కడే నిలిస్తే బాగయినట్టు. ఆరు వారాలు దాటినా 18 నుంచి 16కే దిగితే మందు గురించి మళ్లీ మాట్లాడాలి. షుగర్, థైరాయిడ్, గురక, తాగుడు కూడా మళ్లీ చూడాలి, వాటిలో ఏదో ఒకటి వదిలేసి ఉంటారు. వైద్యంలో లేనివాళ్లకి ఏడాదికోసారి చాలు. నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లే నెలలోనే ఇదీ పెట్టుకుంటే మరిచిపోరు. పాత ఫారాలు తేదీ వేసి, షుగర్ రిపోర్టులున్న ఫైల్లోనే పెట్టండి.